నంద్యాల రాజుకు అంకితమైన కల్పిత లోకం

16వ శతాబ్దపు కవి పింగళి సూరన కావ్యాల్లో మనకు దక్కినవి మూడు: రాఘవపాండవీయము, కళాపూర్ణోదయము, ప్రభావతీ ప్రద్యుమ్నము. మొదటిది అవే పద్యాల్లో రామాయణాన్నీ భారతాన్నీ చెప్పే ద్వ్యర్థి కావ్యం. మూడోది హరివంశ కథ. అనుమతి లేనిదే గాలి కూడా చొరబడని వజ్రనాభుడనే రాక్షసుడి పట్టణంలోకి కృష్ణుడి కొడుకు ప్రద్యుమ్నుడు నటుల మేళంలో కలిసి వెళ్తాడు. రెండోదానికి మాత్రం ఏ పురాణమూ ఆధారం కాదు. కుందూ నది పారే నంద్యాల సీమను ఏలిన కృష్ణమరాజుకు సూరన దాన్ని అంకితమిచ్చాడు.

ఆ కాలపు ప్రబంధ కవులు చాలావరకు పురాణంలోంచి చిన్న కథ తీసుకుని వర్ణనలతో పెంచేవారు. సూరన కథనే పుట్టించాడు. అందరూ ఎరిగిన నారదుడు, రంభ, నలకూబరుడు ఇందులోనూ ఉంటారు, కానీ కథ నడిచేది సూరన సృష్టించిన కొత్తవాళ్ల వల్లే.

ద్వారకలో కలభాషిణి అనే వేశ్య ఉయ్యాల ఊగుతుంటుంది. తలమీదుగా రంభా నలకూబరుల విమానం సాగిపోతుంది. ఆమె మనసు నలకూబరుడి మీదికి పోతుంది. నారదుడి శిష్యుడు మణికంధరుడి మనసేమో ఆమె మీద. తర్వాత ఆమె రంభ రూపంలో, అతడు నలకూబరుడి రూపంలో కలుస్తారు. ఎదుటివారు అసలువారేనని ఇద్దరూ నమ్ముతారు. అంతలో నిజమైన రంభ వస్తుంది. రంభకూ రంభకూ తగవు!

ఇవన్నీ ఎందుకు జరిగాయో చాలాసేపటి వరకు తెలియదు. కళాపూర్ణుడనే రాజు దగ్గరున్న మణి గుండెకు తగలగానే, మధురలాలస అనే పసిపాప నోరు విప్పి పూర్వజన్మలు చెబుతుంది. ఒకప్పుడు బ్రహ్మ, సరస్వతితో ఏకాంతంలో ఉండి, తమ సరసాన్నే మనుషుల పేర్లు పెట్టి కథగా అల్లాడు. అక్కడి పెంపుడు చిలుక అది విన్నది. ఆ చిలుకే శాపంతో కలభాషిణిగా పుట్టింది, ఆ తర్వాత మధురలాలస అయింది.

కల్పిత లోకాన్ని మరో రకంగానూ కట్టవచ్చు: 20వ శతాబ్దంలో ఇంగ్లీషు రచయిత టోల్కీన్ తన మూడు సంపుటాల 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' లోకానికి పటాలు గీశాడు, భాషలు కల్పించాడు. సూరన లోకానికి పటం లేదు. దాన్ని నిలబెట్టేది ఒక్క నియమం: బ్రహ్మ నోట వచ్చిన మాట జరిగి తీరాలి. సరదాకు చెప్పిన కథే అయినా అందులోని మనుషులు పుట్టక తప్పదు, తమ కథ తామే వినకా తప్పదు. ఇంత బిగువైన కథాకల్పన పాత తెలుగులో అరుదు. చిలుక సంగతి తెలిశాక పాఠకుడు మళ్లీ ఉయ్యాల ఘట్టానికి వెనక్కి వెళ్లాలి; అక్కడ ఊగుతున్నది ఆ చిలుకే.

కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము'లో ఈ కావ్యాన్ని నిశితంగా పరిశీలించాడు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఇంగ్లీషు అనువాదం 'ద సౌండ్ ఆఫ్ ద కిస్' పేరుతో 2002లో వచ్చింది.