మీకు తెలుసా? ఒళ్ళు సల్లబడితే సంబరపడొద్దు

నల్లగొండ సర్కారు దవాఖానైనా, పాలమూరు పెద్దదవాఖానైనా, ఐసీయూ తలుపు బయట నిలబడ్డవాళ్ళు డాక్టర్‌ను అడిగే మాట ఒకటే: "బతుకుతడా సారూ?" రక్తంలోకి బ్యాక్టీరియా చేరిన రోగుల విషయంలో ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు వెతికే పని మూడు దశాబ్దాలకు పైగా నడుస్తోంది. అలా వచ్చిన లెక్కల్లో బాగా వాడుకలో ఉన్నది పిట్ బ్యాక్టీరీమియా స్కోరు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ వైద్యుల పరిశోధనల్లోంచి పుట్టింది కాబట్టి ఆ పేరు. విచిత్రమేమిటంటే, అందులో ఒక్క రక్తపరీక్ష కూడా లేదు. చూసేవి ఐదే: ఒంటి వేడి, బీపీ, శ్వాసకు యంత్రం పెట్టారా, గుండె ఆగిందా, మనిషి సోయిలో ఉన్నాడా. అన్నీ కలిపితే గరిష్ఠంగా 14 పాయింట్లు. 4 గానీ ఆపైన గానీ వస్తే పరిస్థితి విషమం అని లెక్క.

అయితే ఆ అంకె చూసి "ఇక ఇంటికి తీసుకపోండి" అనడానికి కాదు ఈ స్కోరు. ఒకే రకం రోగులు వందమంది ఉంటే వాళ్ళలో ఎందరు గట్టెక్కుతారో అది చెప్పగలదు. మంచం మీదున్న మీ నాయన ఆ వందలో ఎటువైపున్నాడో చెప్పలేదు.

ఈ స్కోరులో 102 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరానికి ఎన్ని పాయింట్లో తెలుసా? సున్నా. 104కు చేరితే 2 పాయింట్లు. సరిగ్గా అన్నే పాయింట్లు ఒంటి వేడి 95కు పడిపోయినా వస్తాయి. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉండి ఒళ్ళు చల్లబడ్డవాళ్ళలో మరణాలు, జ్వరంతో కాలిపోతున్నవాళ్ళలో కంటే ఎక్కువని అధ్యయనాలు పదే పదే చూపించాయి. జ్వరమంటే శరీరం ఇంకా కొట్లాడుతోందని అర్థం. ముసలివాళ్ళలో, బాగా నీరసించినవాళ్ళలో ఆ కొట్లాట అసలు మొదలే కాకపోవచ్చు. "రాత్రి జరం దిగింది, సల్లగయ్యిండు" అని ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకునే వేళే కొన్నిసార్లు అసలు గండం. మరి గోలీ వేసుకుంటే దిగే మామూలు జ్వరం సంగతి? అది దిగాక మనిషి లేచి కూర్చుంటాడు, ఇంత గంజి తాగుతాడు, పలకరిస్తే పలుకుతాడు. చల్లబడి, మందంగా పడి ఉండి, ఊపిరి వేగంగా తీస్తుంటే అది వేరే కథ.

సోయి సంగతి మరీ ముఖ్యం. పిట్ స్కోరులో కోమాకు 4 పాయింట్లు, గుండె ఆగిపోవడానికీ 4 పాయింట్లే. మనిషి కాస్త గందరగోళపడి, ఏ రోజో ఏ ఊరో తప్పుగా చెబుతుంటే ఒక పాయింటు. డెబ్బై ఏళ్ళ అవ్వ పొద్దున్నుంచి పొంతన లేకుండా మాట్లాడుతుంటే మన ఇళ్ళల్లో "వయసు మీదపడ్డది" అంటారు, లేదంటే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కినప్పుడు, ముసలివాళ్ళలో జ్వరం కంటే ముందు ఈ గందరగోళమే బయటపడొచ్చు.

2016లో వచ్చిన క్యూసోఫా అనే మరో లెక్క ఇంకా చిన్నది. నిమిషానికి 22 సార్లో, అంతకంటే ఎక్కువో ఊపిరి తీయడం, పై బీపీ 100 గానీ అంతకు తక్కువ గానీ ఉండటం, సోయి మారడం. మూడింటిలో రెండుంటే ప్రమాద ఘంటికే. కాకపోతే ఇదొక్కటే నమ్ముకుంటే చాలామంది రోగులు జల్లెడలోంచి జారిపోతారని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు హెచ్చరించాయి. రెండు ఉంటే పరుగెత్తాల్సిందే గానీ, లేనంత మాత్రాన నిశ్చింతగా పడుకోకూడదు.

లక్షల రూపాయల యంత్రాల పక్కన నిలబడి పోటీపడ్డ ఒక గాజుపలక గురించి విన్నారా? 2019లో వెలువడిన ఆండ్రొమీడా-షాక్ అనే అధ్యయనంలో లాటిన్ అమెరికా దేశాల డాక్టర్లు ఇన్ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయిన (సెప్టిక్ షాక్) 424 మంది రోగులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు రక్తంలో లాక్టేట్ అనే పదార్థాన్ని కొలుస్తూ చికిత్స. రెండో జట్టుకు, మైక్రోస్కోపు గాజుపలకతో కుడిచేతి చూపుడువేలి కొనను 10 సెకన్లు నొక్కి వదిలి, పాలిపోయిన చోట మళ్ళీ ఎరుపు రావడానికి 3 సెకన్లు దాటుతోందా అని చూస్తూ చికిత్స. 28 రోజుల్లో లాక్టేట్ జట్టులో 43.4 శాతం మంది చనిపోతే, వేలు నొక్కిన జట్టులో 34.9 శాతం. గణాంకాల పట్టింపుతో చూస్తే ఈ తేడా గీత దాటలేదు. అయినా వేలికొన ఓడిపోలేదన్నది మాత్రం ఖాయం.

ఇక గంటల లెక్క. ఇన్ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయిన 2,731 మంది రోగులపై ఉత్తర అమెరికాలో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. బీపీ పడిన మొదటి గంటలోనే సరైన యాంటీబయాటిక్ పడ్డవారిలో 79.9 శాతం బతికారు. ఆ తర్వాత ఆరు గంటల దాకా, గడిచే ఒక్కో గంటకు బతికేవారి శాతం సగటున 7.6 చొప్పున తగ్గుతూ వచ్చింది. తర్వాతి అధ్యయనాల్లో నష్టం ఇంత భారీగా కనిపించలేదు గానీ, ఆలస్యం చెరుపేనన్న మాట మారలేదు. దేవరకొండ నుంచి నల్లగొండకు గంటకు పైనే ప్రయాణం, అచ్చంపేట నుంచి మహబూబ్‌నగర్‌కు ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు పుణ్యమా అని బండి దొరుకుతోంది. బండి ఎక్కాలని ఇంట్లో నిర్ణయం అయ్యేదాకా పోయే గంటలను ఎవరూ లెక్కపెట్టడం లేదు.

ఆ ఆలస్యంలో ఆరెంపీ దగ్గర పడే ఒక సూదికీ చోటుంది. ఏ సూక్ష్మజీవి రక్తంలో ఉందో, ఏ మందుకు లొంగుతుందో చెప్పేది బ్లడ్ కల్చర్. రక్తాన్ని పోషకద్రవం ఉన్న సీసాలో పోసి క్రిమిని పెంచుతారు. మందు ముందే పడితే క్రిమి పెరగకపోవచ్చు. ఎంత తేడా అంటే, 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో 325 మందికి యాంటీబయాటిక్‌కు ముందూ, మొదలుపెట్టాక రెండు గంటల్లోపూ రక్తం తీసి చూశారు. ముందు తీసినప్పుడు 31.4 శాతం మందిలో క్రిమి పట్టుబడితే, తర్వాత తీసినప్పుడు 19.4 శాతం మందిలోనే. ఒక్క డోసుకే ఇంత తేడా! మూడు రోజులు ఊళ్ళో సూదులు వేయించుకుని వచ్చినవాడి కల్చర్ రిపోర్టు "ఏమీ లేదు" అని వస్తే, ఏమీ లేదని కాదు దానర్థం.

కల్చర్‌కు అంత రక్తం ఎందుకు లాగుతారని చాలామంది నర్సమ్మతో గొడవపడతారు. పెద్దవాళ్ళలో ఒక మిల్లీలీటరు రక్తంలో ఒక్క బ్యాక్టీరియా కూడా లేకపోవచ్చు. అందుకే సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు, అదీ రెండు మూడు చోట్ల నుంచి.

ఆ సీసా ఎంత త్వరగా 'పాజిటివ్' అని కూస్తుందన్నది కూడా ఒక జోస్యమే. క్రిములు ఎక్కువుంటే తొందరగా పెరుగుతాయి. స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా లాంటి వాటిలో, కొద్ది గంటల్లోనే సీసా కూసిన రోగులకు ముప్పు ఎక్కువని తేలింది.

యాంటీబయాటిక్‌లు రాకముందు రక్తంలో క్రిమి చేరినవాళ్ళలో ఎంతమంది బతికేవారు? బోస్టన్ సిటీ హాస్పిటల్‌లో స్టాఫ్ ఆరియస్ రక్తంలో చేరిన 122 మంది లెక్క 1941లో ప్రచురించారు. 82 శాతం చనిపోయారు. ఏడేళ్ళ తర్వాత, 1948లో, టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్‌లలో మొదటిదైన ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. దాన్ని కనుక్కున్న బెంజమిన్ డగ్గర్ పనిచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనల సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది ఆయన కన్నుమూశారు.

పసిపిల్లలకు వేరే స్కోరు ఉంది. మన దేశంతో సహా 11 దేశాల్లోని 19 ఆస్పత్రుల్లో, 3,204 మంది పసికందులను గమనించి తయారుచేసిన నియోసెప్ స్కోరు 2023లో వచ్చింది. పుట్టినప్పటి బరువు, ఒంటి వేడి, కడుపు ఉబ్బరం, మందకొడితనం, పాలు తాగలేకపోవడం లాంటివే అందులోనూ ఉన్నాయి. "పాలు పడతలేడు, కదుల్తలేడు" అని తల్లి చెప్పే మాట ఆ పట్టికలో సగం పని చేసి పెడుతుంది.

చివరిగా ఒక అపరిచితుడు. మెలియాయిడోసిస్ పేరు విన్నారా? తడి మట్టిలో, వరి మళ్ళ నీళ్ళలో బతికే బ్యాక్టీరియా దానికి కారణం. కాలి పుండులోంచో, ఊపిరితోనో ఒంట్లోకి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళంటే దానికి మరీ అలుసు. వేలాది తెలుగు కూలీలు బతుకుదెరువుకు పోయిన రంగూన్‌లోనే, 1912లో ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి దీన్ని మొదటిసారి వివరంగా రాశారు. తెలుగు రాష్ట్రాల్లోనూ కేసులు బయటపడ్డాయి. ల్యాబ్‌లో దీన్ని వేరే మామూలు క్రిమిగా పొరబడే అవకాశం ఉంది కాబట్టి, సాగర్ ఎడమ కాలువ కింద చెప్పుల్లేకుండా మడిలో దిగే షుగర్ రైతుకు ఎంతకూ తగ్గని జ్వరం ఉంటే, "వరి పని చేస్తా" అని డాక్టర్‌కు చెప్పడం మంచిది. సరైన మందు పడితే ఎంత తేడానో థాయిలాండ్ 1989లో చూపించింది: సెఫ్టాజిడిమ్ ఇంజెక్షన్‌తో తీవ్రమైన కేసుల్లో మరణాలు 74 శాతం నుంచి 37 శాతానికి దిగాయి. ఇంజెక్షన్లు అయ్యాక కనీసం మూడు నెలలు మాత్రలు వాడాలి. పానం బాగైందని మధ్యలో ఆపేసినవాళ్ళకే ఎక్కువగా తిరగబెడుతుంది.