ఆదివారం ఎందుకు మారింది?

ఇంగ్లండులో నేను ప్రార్థనకు వెళ్లే చర్చిలో ఎక్కువగా నెరిసిన తలలే కనిపిస్తాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2011లో 59.3 శాతం మంది క్రైస్తవులమన్నారు. 2021 జనగణనలో 46.2 శాతమే. ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతం.

కారణాలు చాలా. 1994 చట్టంతో ఆదివారం పెద్ద దుకాణాలు ఆరు గంటలు తెరుచుకున్నాయి. పిల్లల ఫుట్‌బాల్ పోటీలూ ఆ పొద్దుటే. పసివాళ్లపై కొందరు మతగురువుల అఘాయిత్యాలను చర్చి పెద్దలు కప్పిపుచ్చడంతో నమ్మకం దెబ్బతింది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో అమ్మానాన్నలు ప్రార్థన మానేస్తే పిల్లలకు అలవాటు కాదు.

రానివాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఒంటరి వృద్ధులను వారం వారం పేరుపెట్టి పలకరించే చోటు తగ్గిపోతోంది. ఆ పలకరింపు బాధ్యత నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ కలిసి తీసుకోవాలి.