ఎక్కి తొక్కి బిగించిన నట్టు... ఊడేదెలా?

పోయిన మిరప సీజనులో ఓ తెల్లవారుజామున నరసరావుపేట నుంచి గుంటూరు పోయే దారిలో, ఫిరంగిపురం దాటాక, ఓ ట్రాలీ ఆటో రోడ్డు వారగా ఆగి ఉంది. వెనక పదహారు టిక్కీల మిర్చి. ఎడమ పక్క వెనక చక్రం గాలి పోయి నేలకు అంటుకుపోయింది. పక్కనే స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. అన్నీ ఉండి కూడా ఆ రైతు గంటన్నర నుంచి అక్కడే కూలబడి ఉన్నాడు. నట్టు తిరగడం లేదు.

ఆయనకు సొంతానికి రెండెకరాలు, కౌలుకు మరో మూడు. సెకండ్ హ్యాండులో బండి కొనుక్కుని తన సరుకుతో పాటు ఇరుగు పొరుగు వాళ్ల సరుకూ తోలుతున్నాడు. ఆయిలు మార్చుకోవడం, ప్లగ్గులు తుడుచుకోవడం, చక్రాలు మార్చుకోవడం లాంటి చిన్న చిన్న పనులన్నీ ఇంటి దగ్గరే చేసుకుంటాడు. అలాంటి మనిషికే ఆ రోజు చేయి ఆడలేదు. పానా మీద నిలబడి ఎగిరి తొక్కితే అది జారి పిక్క చీరుకుపోయింది. నట్టు మూలలు అరిగి గుండ్రంగా తయారైంది. అటుగా వచ్చిన లారీ డ్రైవరు పొడుగు రాడ్డు ఇస్తే మూడు నట్లు వచ్చాయి, నాలుగోది రాలేదు. నరసరావుపేట నుంచి మేస్త్రీ బండి మీద వచ్చి అది తీసేసరికి యార్డులో ఆ పూట బేరాలు అయిపోయాయి. సరుకు మర్నాటి దాకా పడి ఉంది. ఆటో కిరాయి లేని మాటే గానీ ఆ రాత్రి కాపలా, తిండి ఖర్చు, మేస్త్రీ కూలీ కలిపి మీద పడ్డాయి.

“ఎవరు బిగించారు ఇంతలా?” అని అడిగితే రైతు తల గోక్కున్నాడు. పది రోజుల ముందు పంక్చరు షాపులో గాలి మిషనుతో బిగించారు. ఇంటికొచ్చాక “లోడు బండి గదా, ఇంకాస్త గట్టిగా ఉంటే మంచిది” అని పానాకు గొట్టం తొడిగి తానే మళ్లీ ఎక్కి తొక్కాడు. మేస్త్రీ నవ్వి, “బాబాయ్, ఊడదీసేటప్పుడు పడ్డ కష్టమంతా నువ్వు బిగించేటప్పుడే కొనుక్కున్నావు” అన్నాడు.

ఎంత బిగువు కావాలి?

చిన్న కార్లకు, ఇలాంటి చిన్న ట్రాలీ బళ్లకు చక్రం నట్టు బిగువు మోడల్‌ను బట్టి సుమారు 8 నుంచి 12 కిలో మీటర్లు ఉంటుంది. కంగారు పడకండి, ఇది దారి కొలిచే కిలోమీటరు కాదు. మీటరు పొడుగు రాడ్డు నట్టుకు తగిలించి, దాని చివర పది కిలోల బరువు వేలాడదీస్తే నట్టు మీద పడే బలాన్ని 10 కిలో మీటర్లు అంటారు. బండితో పాటు ఇచ్చే పుస్తకంలో ఇదే లెక్కను న్యూటన్ మీటర్లలో వేస్తారు. ఆ అంకెను పదితో భాగిస్తే మన లెక్క వస్తుంది. అక్కడ 100 అని ఉంటే ఇక్కడ 10 అన్నమాట.

ఇప్పుడు మన రైతు సంగతి చూద్దాం. ఆయన బరువు 65 కిలోలు అనుకుందాం. గొట్టం తొడిగిన పానా పొడుగు 60 సెంటీమీటర్లు. దాని చివర ఊరికే నిలబడితేనే 39 కిలో మీటర్లు పడుతుంది. కావలసిన దానికి దాదాపు నాలుగింతలు. ఎగిరి తొక్కితే ఇంకెంత పడుతుందో చెప్పలేం.

నట్టు చక్రాన్ని పట్టి ఉంచేది స్టడ్డు సాగినందువల్లే. బిగించేకొద్దీ స్టడ్డు వెంట్రుకవాసి సాగి, రబ్బరులా వెనక్కి లాగుతూ చక్రాన్ని డ్రమ్ముకు అదిమి పెడుతుంది. హద్దులో సాగితే వదలగానే మళ్లీ యథాస్థితికి వస్తుంది. హద్దు దాటితే సాగింది సాగినట్టే ఉండిపోతుంది, ఇక దాని పట్టు నమ్మడానికి లేదు. గట్టిగా ఉంటే భద్రమనుకుని మనమే స్టడ్డును చంపుకుంటున్నాం. ఒకటి తెగితే దాని భారం మిగతా మూడింటి మీద పడుతుంది. లోడుతో పోతుండగా చక్రం ఊడిపోవడానికి వదులు నట్టు ఎంత కారణమో, అతిగా బిగించి తెగిన స్టడ్డూ అంతే కారణం.

ఊడదీసే తీరు

ముందుగా బండిని చదునైన చోటికి తెచ్చుకోవాలి. హ్యాండు బ్రేకు లాగి, మొదటి గేరులో ఉంచి, మార్చే చక్రానికి ఎదురు మూలన ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. జాకీ ఎక్కించక ముందే, చక్రం నేల మీద ఉండగానే నట్లను వదులు చేసుకోవాలి. చాలామంది తొందరలో ముందు జాకీ ఎక్కించి తర్వాత పానా పడతారు. గాల్లో ఉన్న బండి మీద బలం చూపిస్తే జాకీ పక్కకు ఒరుగుతుంది. కింద మనిషి ఉంటే అంతే సంగతులు. అయితే నేల మీద ఉండగా నట్టును అర చుట్టు వదులు చేస్తే చాలు, పూర్తిగా తీయకూడదు.

నట్టు ఎందుకు రావడం లేదో చూసుకోవాలి. తుప్పు పట్టి పట్టుకుందా, బిగింపు ఎక్కువై పట్టుకుందా? బయటికి కనిపించే మర మీద ఎర్రటి తుప్పు ఉంటే తీగ బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే గానీ కాస్త డీజిలు గానీ మర మొదట్లో పడేలా వేయాలి. పావుగంట ఆగాలి, వీలుంటే రాత్రంతా వదిలేయాలి. సుత్తితో నట్టు నెత్తి మీద నాలుగు దెబ్బలు వేస్తే తుప్పు పొర పగిలి నూనె లోపలికి దిగుతుంది. బ్రేకు డ్రమ్ము లోపలికి నూనె పోకుండా చూసుకోవాలి. మర శుభ్రంగా మెరుస్తూ ఉండి కూడా నట్టు కదలకపోతే అది బిగింపు జబ్బు. దానికి నూనె ఎంత పోసినా దండగే, పొడుగు రాడ్డే మందు.

పానా సంగతి దగ్గర కక్కుర్తి పడొద్దు. బండితో ఇచ్చే చిన్న పానాతో అతిగా బిగిసిన నట్టు రాదు. నట్టు సైజుకు కచ్చితంగా సరిపోయే ఆరు పలకల సాకెట్టు, దానికి అర మీటరుకు తగ్గని రాడ్డు కొనుక్కుని సీటు కింద పడేసుకుంటే అది ఏళ్ల తరబడి పనికొస్తుంది. పన్నెండు పలకల సాకెట్టు నట్టు మూలలనే పట్టుకుంటుంది కాబట్టి బలం పడేసరికి మూలలు కొరికేస్తుంది. సాకెట్టును నట్టు మీద పూర్తిగా, అడుగంటా దించాలి. మన రైతు పానా జారింది సగమే దిగినందువల్ల.

చక్రానికి ఎదురుగా నిలబడి, రాడ్డు ఎడమ చేతి వైపు నేలకు సమానంగా ఉండేట్టు తగిలించుకోవాలి. అప్పుడు కిందికి నొక్కితే నట్టు వదులయ్యే దిక్కుకే తిరుగుతుంది. ఒక చేత్తో సాకెట్టు పక్కకు వంగకుండా నట్టు మీదికి అదిమి పట్టుకోవాలి. రెండో చేత్తో రాడ్డు చివర నెమ్మదిగా, ఆపకుండా ఒంటి బరువు వేయాలి. కుదుపుతో లాగితే, ఎగిరి తొక్కితే జారేది పానా, పగిలేది ముఖం. చాలకపోతే రాడ్డుకు ఇనప గొట్టం తొడిగి పొడుగు పెంచుకోవాలి. పొడుగు రెట్టింపైతే బలం రెట్టింపవుతుంది, మన ఒంటి బలం మాత్రం అంతే ఖర్చవుతుంది. గొట్టం ఊడదీయడానికే గానీ బిగించడానికి కాదు సుమా!

మేస్త్రీలు వాడే మరో చిట్కా ఉంది. మొరాయించే నట్టును ముందు బిగించే దిక్కుకు కొంచెం, ఓ గింజంత కదిపి, తర్వాత వదులు దిక్కుకు లాగుతారు. తుప్పు పట్టిన నట్టుకు ఇది బాగా పని చేస్తుంది. అప్పటికే బిగువు మితిమీరిన నట్టు మీద మాత్రం ఈ ప్రయోగం చేయకూడదు. స్టడ్డు అక్కడే తెగుతుంది.

ఎడమ మర ఉందేమో చూసుకోండి. పాత జీపుల్లో, కొన్ని పాత లారీల్లో ఎడమ పక్క చక్రాల నట్లు తలకిందుల మరతో ఉంటాయి. అవి గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితేనే ఊడతాయి. స్టడ్డు చివర ఆంగ్లంలో ‘ఎల్’ అక్షరం ఉంటుంది. పాత జీపు కొన్నవాళ్లు ఇది తెలియక నట్టును ఊడదీస్తున్నామనుకుని ఇంకా ఇంకా బిగించేస్తుంటారు.

మూలలు అరిగితే

గుండ్రమైపోయిన నట్టుకు మేస్త్రీ ఆ రోజు చేసింది ఇదే: ఒక సైజు చిన్నదైన పాత సాకెట్టును సుత్తితో నట్టు మీదికి దిగ్గొట్టి, రాడ్డు వేసి తిప్పాడు. నట్టు, సాకెట్టు కలిసి ఊడొచ్చాయి. ఆ నట్టు ఇక పనికిరాదు. ఇదీ కుదరకపోతే ఉలితో నట్టును పక్క నుంచి చీల్చడమొకటే దారి. అది తెలిసినవాళ్ల పని, కళ్లకు అద్దాలు పెట్టుకుని చేయాల్సిన పని.

ఏం చేసినా నిప్పు జోలికి పోవద్దు. కొందరు గ్యాసు మంటతో నట్టును కాలుస్తారు. టైరు ఎక్కించి ఉన్న డిస్కును వేడి చేస్తే లోపలి రబ్బరు మగ్గి ఆవిరి పుట్టి టైరు బాంబులా పేలుతుంది. గాలి తీసేసినా ఈ ప్రమాదం పూర్తిగా పోదు. డిస్కు మీద వెల్డింగు చేయడమూ ఇంతే. పైగా బేరింగు గ్రీజు కరిగిపోతుంది, స్టడ్డు బలం చస్తుంది.

మళ్లీ బిగించేటప్పుడు

నట్టుకు ఏటవాలు ముఖం ఉంటే ఆ ముఖం చక్రం వైపుకే ఉండాలి. మర మీది మట్టి, తుప్పు బ్రష్షుతో దులిపి, నట్టును ముందు చేత్తోనే తిప్పాలి. కొంత దూరం సులువుగా పోయి మధ్యలో పట్టేస్తే ఆ స్టడ్డు సాగిందని అనుమానించాలి, మార్చేయాలి. “మళ్లీ తేలిగ్గా వస్తుందిలే” అని మరకు గ్రీజు పూయడం మన దగ్గర అలవాటు. కంపెనీ ఇచ్చే బిగువు అంకె మామూలుగా పొడి మరకు లెక్క వేసింది. గ్రీజు రాస్తే రాపిడి తగ్గి, అదే బలానికి స్టడ్డు ఎక్కువ సాగుతుంది. పుస్తకంలో రాయమని ఉంటే తప్ప రాయొద్దు.

ఒక నట్టు పూర్తిగా బిగించి పక్కదానికి పోకూడదు. ఒకటి బిగించాక దాని ఎదురుది పట్టుకోవాలి. అయిదు నట్లుంటే ఒకటి విడిచి ఒకటి. అలా రెండు మూడు విడతలుగా బిగువు పెంచుతూ, జాకీ దించాక ఆఖరి బిగింపు వేయాలి.

బిగువు కొలిచే టార్కు పానా అందరి దగ్గరా ఉండదు. అయితే పత్తి తూచే స్ప్రింగు కాటా చాలా ఇళ్లలో ఉంది. నట్టు మధ్య నుంచి సరిగ్గా 50 సెంటీమీటర్ల దగ్గర రాడ్డుకు కాటా కొక్కెం తగిలించి, రాడ్డుకు నిలువుగా లాగండి. కాటా 20 కిలోలు చూపిస్తే నట్టు మీద 10 కిలో మీటర్లు పడినట్టే. టార్కు పానా అంత కచ్చితంగా ఉండదు గానీ ఎక్కి తొక్కడం కంటే నూరు రెట్లు నయం. పంక్చరు షాపులో కూడా గాలి మిషనును నట్టు ఆనేదాకే వాడి, ఆఖరి బిగింపు చేత్తో వేయమని అడగాలి. మొహమాటం అక్కర్లేదు, బండి మనది. చక్రం మార్చాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగిన తర్వాత ఒకసారి మళ్లీ చూసుకోవాలి. నట్టు చుట్టూ ఎర్రటి తుప్పు చారలు దిగుతుంటే అది వదులైందని గుర్తు.

ట్రాక్టరున్నవాళ్లకు

దమ్ముకు ఇనప చక్రాలు వేసే రోజుల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ. బురద మరలో చేరి ఎండి సిమెంటులా పట్టేస్తుంది. చక్రాలు మార్చేటప్పుడు స్టడ్లు నీళ్లతో కడిగి ఆరబెట్టి, బ్రష్షు వేశాకే నట్టు ఎక్కించాలి. ట్రాక్టరు వెనక చక్రం బిగువు కారు కంటే చాలా ఎక్కువ, మోడల్‌కొక అంకె. పుస్తకం పోగొట్టుకుంటే డీలరు దగ్గర అడిగి డబ్బా మీద పెయింటుతో రాసి పెట్టుకోండి. కొత్తగా వేసిన చక్రాన్ని కొన్ని గంటలు దమ్ము చేశాక మళ్లీ బిగించి చూడాలి. ట్యూబులో నీళ్లు పోసి ఉంటే ఒక్క చక్రమే రెండు మూడు క్వింటాళ్లు తూగుతుంది. ఒక్కరే దాని జోలికి పోవద్దు.

ఇక మన మిర్చి రైతు. ఇంటికొచ్చాక ఆదివారం పూట పదహారు నట్లూ ఒక్కొక్కటిగా వదులు చేసి, కాటాతో లెక్క చూసి మళ్లీ బిగించాడు. రెండు స్టడ్లు సాగినట్టు తేలితే కొత్తవి వేయించాడు. గొట్టాన్ని మాత్రం పారేయలేదు. దాని మీద ఎర్ర పెయింటుతో ‘ఊడదీయడానికే’ అని రాసి సీటు వెనక పెట్టుకున్నాడు.