బ్లూ-రే డిస్కులోని మెనూ: దానిని నడపు సాఫ్ట్‌వేరు

బ్లూ-రే డిస్కును యంత్రములో నుంచిన వెంటనే చలనచిత్రము ప్రారంభము కాదు. ముందుగా తెరపై నొక పట్టిక కనబడును. చిత్రమును మొదటినుండి చూచెదరా, నడిమి దృశ్యమునకు పోయెదరా, ఏ భాషలో వినెదరు అని అది మనల నడుగును. దీనిని మెనూ యందురు. రిమోటు మీటలతో మనము కోరినది ఎన్నుకొందుము. అదే డిస్కును కంప్యూటరులో నుంచి, ఉచితముగా లభించు ప్లేయరు సాఫ్ట్‌వేరుతో తెరచినప్పుడు పెక్కు పర్యాయములు ఆ పట్టిక కానరాదు. చిత్రమొక్కటియే నడచును, ఒక్కొక్కప్పుడు అదియు నడవదు. డిస్కు చెడినదని పలువురు తలంతురు. కారణము వేరు. దానిని వివరించుటయే మా యుద్దేశము.

గ్రామఫోను రికార్డులో నుండునది ధ్వని మాత్రమే. ముల్లు గాడివెంట సాగిన చాలును, పాట వినబడును. టేపునకును ఇంతకంటె పని లేదు. 1996లో జపానులో విపణికి వచ్చిన డి.వి.డి.తో ఈ పద్ధతి మారినది. దానియందు చిత్రముతోపాటు కొన్ని చిన్న ఆజ్ఞలను గూడ వ్రాసియుంచిరి. ఈ మీట నొక్కినచో ఆ భాగమునకు పొమ్మనునట్టివి ఆ యాజ్ఞలు. ప్రేక్షకుడు ఎన్నుకొన్నదానిని జ్ఞప్తియందుంచుటకు డిస్కునకు ప్లేయరులో లభించు గడులు 16 మాత్రమే.

బ్లూ-రే 2006లో విపణికి వచ్చినది. దీని వ్యాసము డి.వి.డి. వలెనే 12 సెంటీమీటర్లు. కాని డి.వి.డి.ని చదువునది 650 నానోమీటర్ల ఎఱ్ఱని లేసరు కాంతి. బ్లూ-రేను చదువునది 405 నానోమీటర్ల నీలలోహిత కాంతి. ఈ సన్నని కాంతివలన ఒక్క పొరలో 4.7 గిగాబైట్లకు బదులు 25 గిగాబైట్ల సమాచారమును వ్రాయ వీలైనది. స్థలము పెరిగినట్లే మెనూయు పెరిగినది. అది రెండు విధములు. మొదటిది హెచ్.డి.ఎం.వి. ఇందు బొత్తాముల బొమ్మలు, వాని వెనుక ఆజ్ఞలు ఉండును. గడులు 16 నుండి 4096కు పెరిగినవి. చిత్రము నడచుచుండగనే దానిపై మెనూను తెప్పించుకొనవచ్చును. రెండవది బి.డి.-జె. ఇది సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో వెలువరించిన జావా భాషలో వ్రాసిన సంపూర్ణమైన ప్రోగ్రాము.

ఈ రెండవ విధమునందే చిక్కంతయు నున్నది. చిత్రమును చూపుట ఒక పని. డిస్కులోని ప్రోగ్రామును నడపుట వేఱొక పని. ప్లేయరు తనలో జావాను నడపు ఏర్పాటు కలిగి, ప్రోగ్రాము అడిగిన ప్రతిదానికి సరియైన సమాధానము నీయవలెను. ఇంటి యంత్రములును, తైవాను దేశపు సైబర్‌లింక్ సంస్థవారి పవర్‌డి.వి.డి. వంటి వెల గల సాఫ్ట్‌వేరును అనుమతి పత్రము పొంది ఈ పని చేయుచున్నవి. ఉచిత ప్లేయరులకు కాలము పట్టినది. ఎకోల్ సెంట్రాల్ ప్యారిస్ విద్యార్థులు 1996లో ఆరంభించిన కృషినుండి వి.ఎల్.సి. ప్లేయరు పుట్టినది. 2012లో వచ్చిన దాని 2.0 సంచికలో బ్లూ-రే ప్రయోగాత్మకముగా చేరినది. జావా మెనూలు 2018 నాటి 3.0 సంచికతో వచ్చినవి. దానికి కంప్యూటరులో జావాను విడిగా నెలకొల్పుకొనవలెను. ఇంకను, అంగటిలో కొన్న చిత్రములకు సాధారణముగా ఏ.ఏ.సి.ఎస్. అను రహస్యలిపి తాళము వేసియుండును. ఆ తాళపుచెవులు వి.ఎల్.సి.తో రావు. కావున మెనూను నడపు శక్తి యున్నను అట్టి డిస్కు దానికి తెరచుకొనదు.

మెనూ కేవలము అలంకారమని భావింపరాదు. డిస్కులో చిత్రము పలు ముక్కలుగా నుండును. ఏ ముక్క తరువాత ఏ ముక్క రావలెనో చెప్పు జాబితాను ప్లేలిస్టు అందురు. నకళ్ల నరికట్టుటకై కొందఱు ప్రచురణకర్తలు వందలకొలది తప్పుడు జాబితాలను చేర్చి, సరియైనది మెనూ ప్రోగ్రామునకు మాత్రమే తెలియునట్లు చేసిరి. మెనూను విడిచిన ప్లేయరు తప్పుడు జాబితాను ఎన్నుకొన్నచో కథ ముందు వెనుకలగును.

యంత్రములును తగ్గుచున్నవి. శామ్‌సంగ్ సంస్థ 2019లో అమెరికా విపణికి క్రొత్త బ్లూ-రే ప్లేయరులను నిలిపివేసినది. ఇంటిలో వ్రాసికొనదగు బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో విరమించినది.

ఈ విషయము మన యిండ్లకు ఎట్లు సంబంధించునన, పెండ్లి వీడియోలను బ్లూ-రేపై వ్రాసి యిచ్చిన స్టూడియోలు కలవు. మంగళస్నానములు, జీలకఱ్ఱ బెల్లము, తలంబ్రాలు, అప్పగింతలు అని మెనూలో వరుసగా నుండును. ఇట్టి డిస్కులకు సాధారణముగా తాళముండదు, వి.ఎల్.సి. వానిని మెనూతో సహా తెరువగలదు. తెరచునపుడు డిస్కు మెనూలు వద్దను గడిలో గుర్తు లేకుండ చూచుకొనవలెను. కంప్యూటరుకు బ్లూ-రే డ్రైవు ఉండుట యవసరము, డి.వి.డి. డ్రైవులోని ఎఱ్ఱని కాంతి దీనిని చదువజాలదు.

డిస్కును వేఱొకచోట భద్రపఱచువారు మఱియొక జాగ్రత్త వహింపవలెను. వీడియోను మాత్రము ఒక్క ఫైలుగా మార్చినచో చిత్రము మిగులును, మెనూ పోవును. డిస్కులోని బి.డి.ఎం.వి. అను ఫోల్డరును, దానితోనున్న తక్కిన ఫోల్డర్లను మార్పు లేకుండ నకలు చేసికొన్నచో రెండును నిలుచును. పిమ్మట ఆ నకలును ప్లేయరులో తెరచి, మెనూలోని ప్రతి బొత్తామును ఒకసారి నొక్కి చూడవలెను. అన్నియు పనిచేసినవని రూఢి యైన పిదపనే పాత డిస్కును పెట్టెలో దాచుట మేలు.