కసరత్తు తర్వాత పాలు

ఆవు పాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. మిగిలిన 13 పాళ్లలో ఐదుకు కాస్త తక్కువగా పాలచక్కెర, మూడుంపావు దాకా మాంసకృత్తులు, నాలుగు దాకా కొవ్వు ఉంటాయి. సోడియం, పొటాషియం, కాల్షియం వంటి ఖనిజాలు నూటికి ఒక వంతు కూడా ఉండవు. గంటసేపు ఒళ్లు వంచి శ్రమించిన మనిషి పోగొట్టుకునేవి కూడా దాదాపు ఇవే. చెమట రూపంలో నీళ్లు, ఉప్పు పోతాయి. కండరాల్లో దాచుకున్న ఇంధనం ఖర్చవుతుంది. కండర తంతువుల్లో మాంసకృత్తులు అరిగి, కొత్తవి కట్టుకోవలసిన అవసరం పడుతుంది. పోయినవాటికీ పాలలో ఉన్నవాటికీ ఇంత దగ్గర పోలిక ఉండటం వల్లే గత ఇరవై ఏళ్లలో వ్యాయామ శాస్త్రవేత్తలు పాలమీద ఇన్ని పరీక్షలు చేశారు.

పహిల్వాన్లు మాత్రం పరీక్షల కోసం ఆగలేదు. కాశీలోని అఖాడాలను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త జోసెఫ్ ఆల్టర్, కుస్తీవీరుల ఆహారంలో పాలు, నెయ్యి, బాదం మూడింటికీ పెద్దపీట ఉందని రాశాడు. శాకాహార పహిల్వాన్‌కు ఒళ్లు నిలబెట్టే మేలైన మాంసకృత్తులు ప్రధానంగా పాలనుంచే రావాలి. కాబట్టి ఆ అలవాటు వెనక గట్టి కారణమే ఉంది. అది ఎలా పనిచేస్తుందో తర్వాత ప్రయోగశాలలు వివరించాయి.

ముందు నీళ్ల సంగతి. బాగా చెమట పట్టాక మంచినీళ్లు ఒక్కసారిగా తాగితే రక్తం పలచబడుతుంది. అది గమనించిన మెదడు, నీటిని పట్టి ఉంచే హార్మోన్ విడుదలను తగ్గిస్తుంది. ఒంట్లో నీటి కొరత ఇంకా తీరకముందే మూత్రపిండాలు నీళ్లను బయటికి పంపేస్తాయి. తాగిన నీళ్లు ఒంట్లో నిలవాలంటే వాటితోపాటు కొంత ఉప్పు ఉండాలి, లేదా అవి జీర్ణకోశం నుంచి రక్తంలోకి నిదానంగా చేరాలి. పాలలో ఈ రెండు గుణాలూ ఉన్నాయి. వంద మిల్లీలీటర్ల పాలలో సోడియం 40 నుంచి 50 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. సీసాల్లో అమ్మే స్పోర్ట్స్ డ్రింకుల్లో ఉండేదీ సుమారుగా అంతే. పొటాషియం మాత్రం పాలలో 150 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది, అంటే ఆ పానీయాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా జీర్ణాశయంలోని ఆమ్లం తగలగానే పాలలోని కేసిన్ అనే మాంసకృత్తి విరిగి గడ్డకడుతుంది. కొవ్వు కూడా తోడై పాలు మెల్లగా పేగుల్లోకి దిగుతాయి. అందువల్ల రక్తం ఒక్కసారిగా పలచబడదు.

2007లో బ్రిటన్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. వేడిలో వ్యాయామం చేయించి, ఒంటి బరువులో సుమారు 1.8 శాతం చెమటగా పోయాక, పోయినదానికి ఒకటిన్నర రెట్లు ద్రవం తాగించారు. ఒక్కో విడత ఒక్కో పానీయం ఇచ్చారు: మంచినీళ్లు, స్పోర్ట్స్ డ్రింకు, కొవ్వు తక్కువ పాలు, ఉప్పు కలిపిన అవే పాలు. నాలుగు గంటల తర్వాత చూస్తే, నీళ్లూ స్పోర్ట్స్ డ్రింకూ తాగినప్పుడు ఒంట్లో నీటి లెక్క మళ్లీ లోటులోకి జారింది. పాలు తాగినప్పుడు జారలేదు. 2016లో అదే బృందంలోని రాన్ మాన్ తదితరులు 13 రకాల పానీయాలను 72 మంది పురుషులకు ఇచ్చి, ఏది ఎంతసేపు ఒంట్లో నిలుస్తుందో పోల్చారు. వెన్న తీసిన పాలు, వెన్న తీయని పాలు, అతిసారానికి ఇచ్చే ఓఆర్‌ఎస్ ద్రావణం అన్నిటికంటే ముందు వరసలో నిలిచాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ ఫలితాలు వ్యాయామం చేస్తూ తాగిన పాలకు సంబంధించినవి కావు. పరుగు మధ్యలో పాలు తాగితే కడుపు బరువెక్కి, వికారం కలగవచ్చు. వడదెబ్బ తగిలి తూలుతున్న మనిషికి పాలు చికిత్స కావు. వెంటనే ఒళ్లు చల్లబరచాలి, ఆస్పత్రికి చేర్చాలి. రోహిణీ కార్తె ఎండల్లో ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చేవారు ఈ తేడాను ముందే తెలుసుకుని ఉండాలి.

కండరాల మరమ్మతు విషయంలో పాలకున్న బలం ఇంకా స్పష్టమైనది. పాల మాంసకృత్తుల్లో 80 శాతం కేసిన్, 20 శాతం వే. పాలు విరిగినప్పుడు తేటగా దిగే నీళ్లలో ఉండేదే వే. ఇది త్వరగా అరిగి, అమినో ఆమ్లాలను రక్తంలోకి ఒక్కసారిగా వదులుతుంది. కేసిన్ గడ్డకట్టి నెమ్మదిగా అరుగుతూ గంటల తరబడి వాటిని అందిస్తుంది. వీటిలో లూసిన్ అనే అమినో ఆమ్లానికి ప్రత్యేక స్థానం ఉంది. కొత్త కండరం కట్టమని కణాలను పురిగొల్పేది అదే. పాల మాంసకృత్తుల్లో దాదాపు పదో వంతు లూసినే. జిమ్ దుకాణాల్లో వేల రూపాయలకు అమ్మే డబ్బాల్లోని వే పొడి కూడా పాలనుంచి విడదీసినదే.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2007లో జరిగిన పరీక్ష ఈ రంగంలో బాగా పేరుపడ్డది. బరువులెత్తే సాధన కొత్తగా మొదలుపెట్టిన 56 మంది యువకులు వారానికి ఐదు రోజుల చొప్పున 12 వారాలు కసరత్తు చేశారు. ఒక జట్టు ప్రతిసారీ కసరత్తు అయిన వెంటనే అర లీటరు, గంట తర్వాత మరో అర లీటరు వెన్న తీసిన పాలు తాగింది. రెండో జట్టు అంతే మాంసకృత్తులున్న సోయా పానీయం తాగింది. మూడో జట్టుకు అంతే శక్తినిచ్చే పిండిపదార్థాల పానీయం ఇచ్చారు. పాలు తాగినవారిలో కొవ్వు కాని శరీర భారం సగటున 3.9 కిలోలు పెరిగింది. సోయా జట్టులో అది 2.8 కిలోలు, మూడో జట్టులో 2.4 కిలోలు. అందరూ కసరత్తు వల్లే పెరిగారన్నది గుర్తుంచుకోవాలి. పాలు ఆ పెరుగుదలకు తోడ్పడ్డాయి, అంతే. కసరత్తు లేకుండా రోజుకు లీటరు తాగితే కండ పెరగదు.

కండ నొప్పుల విషయంలో ఆధారాలు అంత గట్టివి కావు. బ్రిటన్‌లోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయ పరీక్షల్లో, కండరాలను బాగా అలసట పెట్టే వ్యాయామం తర్వాత పాలు తాగినవారిలో ఒకటి రెండు రోజుల పాటు కండర బలం మిగతావారిలో కంటే తక్కువగా పడిపోయింది. నొప్పి మాత్రం ప్రతి పరీక్షలోనూ తగ్గలేదు. పాలు తాగితే ఒళ్లు నొప్పులు మాయమవుతాయని చెప్పే ప్రకటనలు ఆధారాలను దాటి మాట్లాడుతున్నట్టే.

మూడోది ఇంధనం. మనిషి కండరాల్లో 400 నుంచి 500 గ్రాముల దాకా, కాలేయంలో సుమారు 100 గ్రాములు గ్లైకోజెన్, అంటే పిండిపదార్థాల నుంచి ఒళ్లు దాచుకున్న ఇంధనం, నిల్వ ఉంటుంది. గంటన్నర రెండు గంటల గట్టి పరుగో సైకిలు తొక్కుడో ఇందులో చాలా భాగాన్ని ఖర్చు చేస్తుంది. కొన్ని గంటల్లోనే మళ్లీ బరిలోకి దిగవలసిన ఆటగాడికి మొదటి నాలుగు గంటలూ, కిలో బరువుకు గంటకు ఒక గ్రాము లేదా కాస్త ఎక్కువగా పిండిపదార్థాలు అవసరం. 60 కిలోల మనిషికి గంటకు 60 నుంచి 72 గ్రాములన్నమాట. అర లీటరు పాలలో ఉన్న పాలచక్కెర 24 గ్రాములే. అంటే ఈ ఒక్క పనికి ఉత్త పాలు చాలవు.

చాక్లెట్ పాలు పేరు తెచ్చుకున్నది ఈ లోటును పూడ్చడం వల్లే. 2006లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో తొమ్మిది మంది సైకిలిస్టులను మొదట అలసిపోయేదాకా తొక్కించి, నాలుగు గంటల విరామంలో రెండుసార్లు పానీయం ఇచ్చి, మళ్లీ ఓపిక అయిపోయేవరకు తొక్కించారు. చాక్లెట్ పాలు తాగిన రోజున వారు స్పోర్ట్స్ డ్రింకు తాగిన రోజుతో సమానంగా నిలదొక్కుకున్నారు. మూడో పానీయమైన ఒక రికవరీ డ్రింకు కంటే రెండూ మెరుగయ్యాయి. దీన్ని పట్టుకుని చాక్లెట్ పాలను అందరికీ సిఫారసు చేసే ప్రచారం లేచింది. పరీక్షకు కూర్చున్నది తొమ్మిది మందే. ఆ పరిశోధనకు అయిన ఖర్చులో కొంత పాల పరిశ్రమ సంస్థ భరించింది. ఫలితం అబద్ధమని దీనర్థం కాదు. అయితే ఒకే రోజు రెండుసార్లు పోటీపడే సైకిలిస్టుకు వర్తించేదాన్ని, ఉదయం నలభై నిమిషాలు పరుగెత్తి ఆఫీసుకెళ్లే మనిషికి అంటగట్టడం సరికాదు.

తెలుగు ఇంటి భోజనం సంగతి చూస్తే ఈ మాట మరింత తేటపడుతుంది. అన్నం, ఇడ్లీ, ఉప్మా తినే మనిషికి పిండిపదార్థాలకు కొరత లేదు. కొరతంతా మాంసకృత్తులకే. పాలలో చక్కెర, చాక్లెట్ కలిపి చేసే పనిని పక్కన ఉన్న నాలుగు ఇడ్లీలో రెండు అరటిపండ్లో చేసేస్తాయి. చట్నీ, సాంబారు పాలలో సరిపోని ఉప్పును కూడా అందిస్తాయి. మర్నాటి వరకు మళ్లీ కసరత్తు లేనివారికి మామూలు భోజనంతోనే గ్లైకోజెన్ నిండిపోతుంది. కానిస్టేబుల్ ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షకు 1600 మీటర్ల పరుగు సాధన చేసే యువకులు ఊరూరా మైదానాల్లో కనిపిస్తారు. ఖరీదైన పొడి డబ్బా కొనలేకపోతున్నామని వారు బెంగపడనక్కరలేదు. అర లీటరు ప్యాకెట్టూ రెండు అరటిపండ్లూ కలిస్తే పదహారు గ్రాముల దాకా మేలైన మాంసకృత్తులు, డెబ్బై గ్రాములకు పైగా పిండిపదార్థాలు వస్తాయి. మాల్ట్ పొడుల్లో ఎక్కువ భాగం ధాన్యపు పిండి, చక్కెరే కాబట్టి అవి పాలకు రుచినీ శక్తినీ ఇస్తాయి కానీ మాంసకృత్తులను పెద్దగా పెంచవు. బెల్లం వేసుకునేవారు పాలు గోరువెచ్చగా అయ్యాక కలపడం మంచిది, వేడి పాలలో వేస్తే విరిగిపోవచ్చు. ఇక కసరత్తు తర్వాత టీ తాగి పాలు తాగామనుకోవడానికి లేదు. కప్పు టీలో పాలు చాలా కొద్ది.

విదేశీ పరీక్షల్లో వాడినవి దాదాపు అన్నీ ఆవు పాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గేదె పాల వాడకం ఎక్కువ. గేదె పాలలో కొవ్వు 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది, మాంసకృత్తులూ కాల్షియమూ కూడా ఆవు పాలకంటే ఎక్కువే. బరువు పెరగాలనుకునే బక్కపలచని ఆటగాడికి అవి బాగా ఉపకరిస్తాయి. అయితే తీవ్రమైన పరుగు పూర్తయిన వెంటనే అంత కొవ్వు కడుపులో బరువుగా ఉంటుంది. ప్యాకెట్ మీద రాసినది చదివితే ఎంపిక తేలికవుతుంది. ఫుల్ క్రీమ్‌లో కొవ్వు కనీసం 6 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5 ఉండాలన్నది ప్రమాణం. డబుల్ టోన్డ్‌ను నీళ్ల పాలని తీసిపారేయడం పొరపాటు. అందులో కొవ్వు కాని ఘనపదార్థాలు 9 శాతం ఉండాలి, టోన్డ్‌లో 8.5 చాలు. మాంసకృత్తులు ఉండేది ఈ భాగంలోనే. చిక్కటి గేదె పాలలో పాలపొడి, నీళ్లు కలిపి టోన్డ్ పాలు తయారుచేసే పద్ధతి 1946లో బొంబాయిలో దారా ఖురోడీ చేతుల మీదుగా మొదలైంది. పాల కొరత ఉన్న నగరంలో పేదలకు చవకగా పాలు అందించడం దాని ఉద్దేశం. 1963లో వర్గీస్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌లతోపాటు ఆయనకూ మెగసెసే పురస్కారం దక్కింది.

పొదుగు దగ్గర పిండిన పచ్చిపాలు గుక్కలో తాగడం బలమన్న నమ్మకం కొందరిలో ఇంకా ఉంది. పచ్చిపాల ద్వారా క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి జబ్బులు సోకవచ్చు. కాచినప్పుడు వే మాంసకృత్తుల ఆకృతి మారుతుంది తప్ప వాటిలోని అమినో ఆమ్లాలు పోవు. కాచి చల్లార్చిన పాలతో కండరానికి ఏ నష్టమూ లేదు.

పాలు పడనివారి సమస్య దక్షిణాదిలో చిన్నది కాదు. పాలచక్కెరను విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ చాలామందిలో బాల్యం దాటాక తగ్గిపోతుంది. 1981లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉత్తరాదివారిలో నూటికి 27 మందికి పాలచక్కెర పడకపోగా, దక్షిణాదివారిలో అలాంటివారు మూడింట రెండు వంతులు. అలాంటివారికి కడుపుబ్బరం, గ్యాస్, విరేచనాలు కలుగుతాయి. గట్టి వ్యాయామం చేస్తున్నప్పుడు పేగులకు రక్తప్రసరణ తగ్గుతుంది కనుక వెంటనే గడగడా తాగితే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఇరవై నిమిషాలు ఆగి, కొద్దికొద్దిగా తాగడం మేలు. పాలు పడనివారిలో కూడా చాలామంది ఒక విడతకు 12 గ్రాముల పాలచక్కెరను, అంటే పావు లీటరు పాలను తట్టుకోగలరు. అదీ కుదరకపోతే పెరుగు ఉంది. తోడు వేసినప్పుడు సూక్ష్మజీవులు పాలచక్కెరలో కొంత తినేస్తాయి, మిగిలినదాన్ని అరిగించడానికీ తోడ్పడతాయి. చిక్కటి పెరుగును కొద్ది నీళ్లతో చిలికి, ఉప్పు వేసుకుంటే చెమటలో పోయిన సోడియం కూడా తిరిగి వస్తుంది. ఎక్కువ నీళ్లు పోసిన పల్చటి మజ్జిగ దాహం తీరుస్తుంది కానీ అందులో మాంసకృత్తులు చాలా తక్కువ.

ఎంత తాగాలన్నది కసరత్తును బట్టి ఉంటుంది. అరగంట నడకకు ప్రత్యేక పానీయం ఏదీ అవసరం లేదు, దాహానికి మంచినీళ్లు చాలు. అలవాటుగా పాలు తాగి, దానితోపాటు మామూలు తిండీ తింటూ బరువు తగ్గాలనుకుంటే లెక్క తప్పుతుంది. అర లీటరు టోన్డ్ పాలలో దాదాపు 300 కేలరీలు ఉన్నాయి. బరువులెత్తేవారికి, గంటకు పైగా పరుగెత్తేవారికి, కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడేవారికి అర లీటరు సరైన కొలత. ఎంత నీరు పోయిందో తెలియాలంటే ఆటకు ముందు, తర్వాత బరువు చూసుకోవాలి. కిలో తగ్గితే లీటరు నీరు పోయినట్టే. ఆ లోటంతా పాలతోనే తీర్చనవసరం లేదు, మిగతాది నీళ్లతో తీర్చుకోవచ్చు. అరగంటలోపు తాగకపోతే వృథా అన్న మాటకు అంత బలం లేదు. కసరత్తు చేసిన కండరం రోజంతా, ఆ తర్వాత కూడా మాంసకృత్తులను చురుగ్గా వాడుకుంటూనే ఉంటుంది. త్వరపడవలసింది అదే రోజు మళ్లీ ఆడవలసినవారే.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పాలలోని పొటాషియం, ఫాస్ఫరస్ భారమవుతాయి కనుక వైద్యుడు చెప్పిన కొలతే పాటించాలి. పాల మాంసకృత్తులకు అలర్జీ ఉన్నవారి విషయం పాలచక్కెర పడకపోవడానికి భిన్నమైనది, ప్రమాదకరమైనది కూడా. వారు పెరుగు, మజ్జిగ, వే పొడి కూడా ముట్టకూడదు. వారికి సోయా పాలు దగ్గరి ప్రత్యామ్నాయం, వాటిలో మాంసకృత్తులు ఆవు పాలతో ఇంచుమించు సమానం. దుకాణాల్లో దొరికే బాదం, కొబ్బరి పానీయాల్లో అవి నామమాత్రంగానే ఉంటాయి.