కుట్టు మిషన్ ఇచ్చారు, ఫోటో దిగారు… పదేళ్ళ తర్వాత ఏమైంది?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. ఒక పేద కుటుంబానికి సాయం చేశాం. మనం వెళ్ళిపోయాక కూడా ఆ ఇంటి సంపాదన పెరుగుతూనే ఉండాలంటే ఏం చేయాలి?

మనకి బాగా తెలిసిన సీన్ ఒకటుంది. స్టేజీ మీద పెద్ద ఫ్లెక్సీ, ముందు వరసలో కుట్టు మిషన్లు, ఒక్కొక్కరినీ పిలిచి ఇవ్వడం, ఫోటో, చప్పట్లు. సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్. ఇచ్చినవాళ్ళ మనసు మంచిదే, దాని గురించి నాకు డౌట్ లేదు. కానీ ఆ మిషన్ రెండేళ్ళ తర్వాత ఆ ఇంట్లోనే ఉందా, అమ్మేశారా, దాని మీద నెలకి ఎంత వస్తోంది? ఇది అడిగేవాళ్ళు తక్కువ.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఫీచర్ రిలీజ్ రోజు కేక్ కోసేవాళ్ళం. అసలు పని మర్నాడు మొదలయ్యేది. ఎంతమంది వాడుతున్నారు, ఎక్కడ క్రాష్ అవుతోంది, లాగ్స్ చూడాలి. దానధర్మాల్లో మాత్రం చాలాసార్లు కేక్‌తోనే కథ అయిపోతుంది. లాగ్స్ చూసినవాళ్ళ గురించే ఈ రోజు మాట్లాడుకుందాం.

గట్టు దాటితేనే

ముందు బంగ్లాదేశ్ వెళ్దాం. అక్కడ ఫజ్లే హసన్ అబేద్ మొదలుపెట్టిన బ్రాక్ అనే పెద్ద సంస్థ ఉంది. చిన్న అప్పులు ఇచ్చే పథకాలు ఊళ్ళో అందరికన్నా పేదవాళ్ళ దాకా చేరడం లేదని వాళ్ళు గమనించారు. నిజమే కదా, పూట గడవని మనిషి వారం వారం కిస్తీ ఎక్కడ కడుతుంది? అందుకే 2002లో ఇంకో పద్ధతి మొదలుపెట్టారు. అప్పు కాదు, ఊరికే ఇవ్వడమే. కానీ ఒక్క వస్తువు కాదు, ఒక ప్యాకేజీ.

ఆ ప్యాకేజీలో ఏముంటాయంటే: ఒక ఆవో, కొన్ని మేకలో, చిన్న వ్యాపారానికి సరుకో. దాన్ని చూసుకోవడానికి ట్రైనింగ్. కొన్ని నెలల పాటు ఇంటి ఖర్చుకి కొద్దిగా డబ్బు. పొదుపు అలవాటు. ఆరోగ్యం విషయంలో కొంత సాయం. వీటన్నిటితో పాటు తరచూ ఇంటికొచ్చి, ఎలా ఉంది, ఏం ఇబ్బంది అని పలకరించే ఒక మనిషి. ఇదంతా దాదాపు రెండేళ్ళు. తర్వాత ఆపేస్తారు.

ఇన్ని ఎందుకు? ఆవు ఒక్కటి ఇచ్చేస్తే పోదా? ఇలా ఆలోచించండి. ఇంట్లో బియ్యం అయిపోయాయి, పిల్లాడికి జ్వరం. చేతిలో ఉన్నది ఆవు ఒక్కటే. మీరైతే ఏం చేస్తారు? అమ్మేస్తారు. అది తెలివితక్కువతనం కాదు, వేరే దారి లేక. ఆవు పాలిచ్చే దాకా ఇల్లు నడవాలి కాబట్టే ఖర్చుకి డబ్బు. ఆవుకి జబ్బు చేస్తే ఎవరిని పిలవాలో తెలియాలి కాబట్టే ఆ వచ్చే మనిషి.

ఇంకో సంగతి కూడా ఉంది. బంగ్లాదేశ్‌లో ఈ కుటుంబాల లెక్కలు ఏళ్ళ తరబడి చూసిన ఆర్థికవేత్తలు 2022లో ఒక పేపర్ రాశారు. అందరికీ ఇచ్చింది దాదాపు ఒకే విలువ. కానీ ఆ ఇంట్లో అప్పటికే ఉన్నదీ, కొత్తగా వచ్చిందీ కలిపి సుమారు 9,300 టాకాల గీత దాటినవాళ్ళు ఏటికేడు పైకి వెళ్ళారు. గీతకి కింద ఆగిపోయినవాళ్ళు మెల్లగా వెనక్కి జారిపోయారు. ఆ అంకె ఆ ఊళ్ళది, ఆ కాలానిది, మన ఊరికి అదే వర్తించదు. విషయం మాత్రం వర్తిస్తుంది. గట్టు ఎక్కే మనిషిని సగం దాకా తోసి వదిలేస్తే మళ్ళీ కిందకే వస్తాడు. తలా కొంచెం పంచితే అందరికీ ఇచ్చిన తృప్తి మనకి మిగులుతుంది, గట్టు మాత్రం ఎవరూ దాటరు.

టెస్ట్ చేసి చూశారు

ఈ పద్ధతిని ఇండియా, పాకిస్థాన్, ఇథియోపియా, ఘనా, హోండురస్, పెరూ, ఇలా ఆరు దేశాల్లో పరీక్షించారు. మన భాషలో చెప్పాలంటే ఏ/బీ టెస్టింగ్. 10,000కు పైగా కుటుంబాల్లో లాటరీ తీసినట్టు కొందరికి ఇచ్చి, మిగతావాళ్ళతో పోల్చారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు కలిసి 2015లో సైన్స్ పత్రికలో ఫలితాలు వేశారు. ప్రోగ్రామ్ అయిపోయిన ఏడాది తర్వాత కూడా తిండి, ఆస్తి, ఆదాయం మొత్తమ్మీద మెరుగ్గానే ఉన్నాయి. ఆ లాభం ఇలాగే నిలుస్తుందనుకుంటే, ఇండియాలో పెట్టిన ప్రతి 100 రూపాయలకి 433 రూపాయల మేలు అని లెక్క వేశారు.

హోండురస్‌లో మాత్రం లెక్క నష్టంలోకి వెళ్ళింది. అక్కడ ఎక్కువగా కోళ్ళు ఇచ్చారు, వాటిలో చాలా వరకు జబ్బు చేసి చచ్చిపోయాయి. ప్లాన్ అదే, కోళ్ళ దగ్గర దెబ్బ తింది.

ఘనాలో ఇంకో మంచి టెస్ట్ చేశారు. కొందరికి మేకలు మాత్రమే ఇచ్చారు, కొందరికి పొదుపు సౌకర్యం మాత్రమే, కొందరికి మొత్తం ప్యాకేజీ. మూడేళ్ళకి చూస్తే నిలిచిన మార్పు మొత్తం ప్యాకేజీ అందినవాళ్ళలోనే కనిపించింది.

మన మెదక్‌లో ఏం జరిగింది?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నప్పుడే మెదక్ జిల్లాలో ఇదే పద్ధతి పెట్టారు. ఎక్కువమంది పశువులే తీసుకున్నారు. చివరికి ఇచ్చినవాళ్ళనీ, ఇవ్వనివాళ్ళనీ పోల్చి చూస్తే ఆదాయంలో, ఆస్తిలో నిలిచిన తేడా ఏమీ కనపడలేదు.

ఎందుకు? పశువుల మీద డబ్బు రాక కాదు. ఆ రోజుల్లోనే ఆ ప్రాంతంలో కూలి రేట్లు బాగా పెరిగాయి. ఉపాధి హామీ 2006లో మొదలైతే, మెదక్ మొదటి విడత జిల్లాల్లోనే ఉంది. పశువు ఉంటే గడ్డి కోయాలి, నీళ్ళు పెట్టాలి, ఆ మనిషి రోజంతా కూలికి పోలేదు. అంటే ఇటు పాల డబ్బు వచ్చింది, అటు కూలి డబ్బు తగ్గింది. ప్యాకేజీ తీసుకోనివాళ్ళు కూలికి పోయి అంతే సంపాదించారు.

నాకు మొత్తం సబ్జెక్ట్‌లో ఎక్కువ ఉపయోగపడింది ఈ మెదక్ కథే. పక్కవాళ్ళతో పోల్చకుండా, ఇచ్చినవాళ్ళనే చూసి ఉంటే పాల డబ్బు కనపడేది, సూపర్ సక్సెస్ అని వీడియో తీసేవాళ్ళు. ఆమె ఏం వదులుకుందో ఎవరికీ కనపడేది కాదు.

పదేళ్ళ లాగ్స్

ఇక పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లా. అక్కడ బంధన్ సంస్థ 2007లో ఈ ప్యాకేజీ మొదలుపెట్టింది. పదేళ్ళ తర్వాత పరిశోధకులు మళ్ళీ వెళ్ళి అవే కుటుంబాలని చూశారు. ప్యాకేజీ అందినవాళ్ళు అప్పటికీ ముందే ఉన్నారు. ఆదాయంలో, తిండిలో, ఆరోగ్యంలో కూడా. ఏడో ఏడు దాకా తేడా పెరుగుతూ వచ్చి, తర్వాత నిలిచింది.

ఇందులో ఇంకా ముఖ్యమైంది వాళ్ళు ఆవు దగ్గరే ఆగిపోలేదు. ఆ ఆదాయంతో చిన్న వ్యాపారాల్లోకి వెళ్ళారు, ఇంట్లో ఒకరు వేరే ఊరు పనికి వెళ్ళి డబ్బు పంపడం పెరిగింది. కొంచెం దన్ను దొరికాక ఎటు వెళ్ళాలో వాళ్ళే చూసుకున్నారు. ఏ ట్రస్టూ ఇది ముందే రాసి పెట్టలేదు.

మరి దాతల డబ్బు దేశం మొత్తానికి సరిపోతుందా? సరిపోదు. దాతల డబ్బు చేయగలిగింది రిస్క్ తీసుకుని టెస్ట్ చేయడం. పనిచేసిందని తేలాక ప్రభుత్వం పెద్దది చేయాలి. బీహార్ 2018లో సతత్ జీవికోపార్జన్ యోజన పేరుతో ఇదే పద్ధతి మొదలుపెట్టి లక్షకు పైగా కుటుంబాల దాకా తీసుకెళ్ళింది.

మీరు ఐదొందలు పంపే ముందు

వరదలప్పుడు అన్నం పొట్లాల గురించి కాదు నేను చెప్పేది. ఆకలికి లెక్కలు అడగకూడదు, వెంటనే పెట్టాలి. కానీ "జీవితం మారుస్తాం" అని ఎవరైనా క్యూఆర్ కోడ్ చూపిస్తే నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి, వీళ్ళకి అసలు అడ్డు ఏంటి? వస్తువు లేకపోవడమా, అప్పా, ఆరోగ్యమా, బస్సు లేకపోవడమా? మిషన్లు పంచే ముందు ఆ ఊళ్ళో కుట్టించుకునేవాళ్ళు ఉన్నారా అని చూశారా?

రెండు, వస్తువు ఇచ్చాక ఇంటికి వెళ్ళి పలకరించేది ఎవరు, ఎన్ని నెలలు?

మూడు, ఈ పని కోసం ఆమె ఏ పని వదులుకోవాలి?

నాలుగు, రెండేళ్ళ తర్వాత లెక్క చూసేది ఎవరు, ఎవరితో పోల్చి?

జవాబులు లేకపోతే వాళ్ళు మోసగాళ్ళని కాదు. ఇంకా ఆలోచించలేదు, అంతే. మీరు అడిగితే ఆలోచిస్తారు. ఇంకోటి, ఆ ఇంటికి వెళ్ళే కార్యకర్త జీతాన్ని "ఓవర్‌హెడ్" అని తీసిపారేయకండి. పైన చెప్పిన ప్యాకేజీలో ఆ మనిషి కూడా ఒక భాగమే.

మీ కాలేజీలో, మీ ఊరి గ్రూపులో ఇలాంటి కలెక్షన్ జరుగుతుంటే ఈ నాలుగు ప్రశ్నలూ అక్కడ పెట్టండి. యాభై మందికి తలా కొంచెం ఇవ్వాలా, ఐదుగురిని పూర్తిగా గట్టు దాటించాలా అన్నది కూడా అక్కడే మాట్లాడుకోండి. నా ఓటు ఐదుగురికి. మీరేమంటారో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.