ఒక్క తాళానికి కట్టుబడే ఇనుప అల్లిక

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో బ్యాంకులకు, బడులకు, హాస్టళ్లకు మడత గేట్లు కనిపిస్తూనే ఉంటాయి. పగలు గోడవారన కట్టెలమోపులా ఒదిగి ఉండే ఈ గేటు రాత్రికి వాకిలంతా పరుచుకుంటుంది. గాలికి, వెలుతురుకు దారి వదులుతూనే మనిషిని ఆపుతుంది. ఇనుప కడ్డీ దానంతటది మడతపడదు. ఆ మడతంతా అల్లికలో ఉంది.

ఆ అల్లిక పాతది. 1603లో క్రిస్టోఫ్ షైనర్ అనే జర్మన్ మతగురువు పాంటోగ్రాఫ్‌ను తయారుచేశాడు. నాలుగు పుల్లలను కీళ్లతో కలిపి, ఒక కొసతో బొమ్మ అంచును తడుముతుంటే రెండో కొస అదే బొమ్మను పెద్దదిగానో చిన్నదిగానో గీస్తుంది. అలాంటి కదిలే సమాంతర చతుర్భుజాలను వరసగా కలిపితే సాగి ముడుచుకునే జాలీ వస్తుంది. 19వ శతాబ్దం చివరి నాటికి అది ఇనుప గేటైంది. బ్రిటన్‌లో దాన్ని బోస్ట్‌విక్ గేటు అన్నారు. లండన్ భూగర్భ రైల్వే స్టేషన్ల వాకిళ్లకు, పాతకాలపు లిఫ్టులకు అదే తలుపు.

మన దేశంలో కేంద్ర ప్రజాపనుల శాఖ దీనికి కొలతలు రాసిపెట్టింది. నిలువు చానళ్లు 20×10×2 మిల్లీమీటర్లు, ఏటవాలు పట్టీలు 20×5 మిల్లీమీటర్లు. పైనా కిందా పట్టాలుగా 40×40×6 మిల్లీమీటర్ల టీ ఐరన్, వాటి మీద నడిచే 40 మిల్లీమీటర్ల చక్రాలు. చానల్ రేకు మందం రెండే మిల్లీమీటర్లు! బలం మందంలో లేదు, అమరికలో ఉంది.

పట్టీ మీద రెండు రివెట్ల మధ్య దూరం 50 సెంటీమీటర్లు అనుకుందాం. గేటు మూసినప్పుడు పట్టీ 45 డిగ్రీల్లో వాలితే, రివెట్ల మధ్య అడ్డంగా 35, నిలువుగా 35 సెంటీమీటర్లు ఉంటుంది. గేటు తెరిచి అడ్డాన్ని 5కు కుదిస్తే నిలువు దాదాపు 50 అవుతుంది. అంటే ఒక రివెట్టు 14 సెంటీమీటర్లకు పైగా జరగాలి. అందుకే ఒకదాన్ని చానల్‌కు బిగించి, రెండోదాన్ని జంట చానళ్ల మధ్య సందులో జారేలా వదులుతారు. రెండూ బిగిస్తే అది కదలని గ్రిల్లే.

ఈ అల్లికలో ప్రతి చానల్ పక్క చానల్‌తో ముడిపడి ఉంది. ఒక కొసను లాగితే సందులన్నీ సమానంగా తెరుచుకుంటాయి, ఆ కొసను ఆపితే అన్నీ ఆగుతాయి. అంత పెద్ద వాకిలికి ఒక్క తాళం సరిపోవడానికి కారణం ఇదే. దాని ఇబ్బందులన్నిటికీ మూలమూ ఇదే.

ఆ ఇబ్బందుల్లో మొదటిది ఇనుము గుణంలోనే ఉంది. పాల్వంచలో 1980లో దేశపు తొలి స్పాంజ్ ఐరన్ కర్మాగారం మొదలైంది. ఇనుప ఖనిజాన్ని కరిగించకుండానే, బొగ్గు సాయంతో అందులోని ఆక్సిజన్‌ను తీసేసే పద్ధతి అది. అలా వచ్చిన ఇనుము ఉక్కుకు ముడిసరుకు. కొలిమి అంత కష్టపడి తీసేసిన ఆక్సిజన్‌ను తేమ గాలి తిరిగి ఇనుముకు అంటిస్తుంది. అదే తుప్పు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రివెట్టు చుట్టూ ఉన్న సన్నని సందును పూడ్చేస్తుంది. ఒక్క కీలు పట్టేస్తే గేటంతా మొరాయిస్తుంది.

భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. వరద నీరు గేటు సందుల్లోంచి వచ్చిపోతుంది, ఒండ్రు మాత్రం కింది పట్టా వెంట పేరుకుంటుంది. అది ఎండి గట్టిపడకముందే కడిగి, ఆరబెట్టి, కీళ్లకు పలుచని నూనె వేయాలి. ఇసుక రేణువులున్న చోట గ్రీజు పూస్తే అవి అందులో అంటుకుని లోహాన్ని అరగదీస్తాయి.

ఇక్కడ కాపలా దొంగల నుంచే కాదు, కోతుల నుంచి కూడా. ఉత్తరాది ఎర్రమూతి కోతికి, దక్షిణాది టోపీ కోతికి మధ్య గోదావరిని ఒకనాటి సరిహద్దుగా శాస్త్రవేత్తలు చెప్పారు. ఇప్పుడు ఎర్రమూతి కోతులు ఆ గీత దాటి దక్షిణానికి వ్యాపిస్తున్నాయి. గేటు సందులో కోతి చేయి దూరుతుంది, పిల్ల ఏకంగా లోపలికే వస్తుంది. వాటిని ఆపే సన్న జాలీని మడత పట్టీలకే కడితే గేటు ముడుచుకోదు. దానికి వేరే ఫ్రేమ్ కావాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మంటల వేళ. లోపలివాళ్లు తాళంచెవి అవసరం లేకుండా తెరవగలిగేదే బయటపడే తలుపు అని 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. పక్కకు జరిగే తలుపులు అందుకు పనికిరావనీ అంటోంది. తాళం వేసిన మడత గేటు ఈ రెండు పరీక్షల్లోనూ నిలవదు. పిల్లలు నిద్రపోయే హాస్టల్‌కు, రోగులుండే వార్డుకు అదొక్కటే దారి కాకూడదు. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే రెండో తలుపు తప్పనిసరిగా ఉండాలి. ఆ తలుపుకయ్యే ఖర్చును కూడా గేటు ఖర్చులోనే కలిపి లెక్క కట్టాలి.